కోతల ముందు బండి హెడ్‌లైట్ చూసుకోండి: మసకబారిన అద్దాన్ని ఎప్పుడు రుద్దాలి, ఎప్పుడు మార్చాలి

సార్వా కోతలు మొదలైతే గోదావరి డెల్టాలో బండ్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. కళ్లం నుంచి మిల్లుకు ధాన్యం, తోట నుంచి రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు, అంబాజీపేటకు కొబ్బరి, కడియం నర్సరీల నుంచి మొక్కలు, చెరువుల దగ్గర నుంచి రొయ్యలు, ఇవన్నీ ఎక్కువగా చీకటి వేళల్లోనే కదులుతాయి. ఈ ప్రయాణాల్లో చాలా భాగం వీధి దీపాలు లేని కాలువ గట్ల మీద, ఏటిగట్ల మీద, పుంత రోడ్ల మీద సాగుతుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. అలాంటి దారిలో బండికి హెడ్‌లైటే కళ్లు.

ఇంజను ఆయిల్, టైర్లు, బ్రేకులు చూసుకునే రైతులు కూడా హెడ్‌లైట్ అద్దం పచ్చబడినా, పాలపొరలా మసకబారినా పెద్దగా పట్టించుకోరు. లైటు వెలుగుతోంది కదా అనుకుంటారు. లైటు వెలగడం వేరు, దారి కనిపించడం వేరు. ఈ సమస్యను చాలావరకు ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చుతో సరిచేసుకోవచ్చు. అందుకు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుసుకుందాం.

అద్దం ఎందుకు మసకబారుతుంది?

పాత ట్రాక్టర్లకు, పాత మోటారు సైకిళ్లకు హెడ్‌లైట్ ముందు గాజు అద్దం ఉండేది. ఇప్పుడు వస్తున్న మోటారు సైకిళ్లు, కార్లు, చిన్న ట్రాలీ బండ్లు, చాలా రకాల ట్రాక్టర్లకు పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అద్దం వస్తోంది. ఇది తేలిక. రాయి తగిలినా గాజులా భళ్లున పగలదు. అయితే దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి. సులువుగా గీతలు పడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పచ్చబడుతుంది. అందుకే కంపెనీలో తయారయ్యేటప్పుడే దీనిపై గట్టి పారదర్శక పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు నిలిపితే ఆ పూత పలచబడి పొరలుగా లేస్తుంది. ఆ తర్వాత అసలు ప్లాస్టిక్ దెబ్బతినడం మొదలవుతుంది.

మన ప్రాంతంలో ఎండకు తోడు మరికొన్ని కారణాలు కలుస్తాయి.

- ధాన్యం దుమ్ము: వరి ఊకలో సిలికా ఎక్కువ. ఇది ఇసుకలా గీరుతుంది. మాసూళ్ల రోజుల్లో అద్దంపై పేరుకున్న దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే.
- దీపపు పురుగులు: సార్వా చేలు పొట్టకొచ్చే కాలంలో రాత్రి వేళ సుడిదోమ వంటి పురుగులు లైటు చుట్టూ మూగి అద్దానికి అంటుకుపోతాయి. ఎండిపోయాక గోటితోనో, పీచుతోనో గీకితే పూత పోతుంది.
- పురుగు మందులు: ఇ.సి. రకం మందుల్లో ఉండే ద్రావకాలు పాలీకార్బొనేట్‌ను దెబ్బతీస్తాయి. మందు డబ్బాలు, స్ప్రేయరు బండికి ముందు వైపు తగిలించుకుని వెళ్లేటప్పుడు చుక్కలు పడితే సన్నని పగుళ్లు వస్తాయి.
- సున్నం: రొయ్యలు, చేపల చెరువులకు తీసుకెళ్లే సున్నం క్షార గుణం గలది. తడి అద్దంపై పడి ఎక్కువసేపు ఉంటే ప్లాస్టిక్‌ను తింటుంది.
- ఉప్పు గాలి: నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వంటి తీర ప్రాంతాల్లో అద్దంపై ఉప్పు పొర పేరుకుంటుంది. లోపలి తీగల అతుకులు కూడా త్వరగా చిలుము పడతాయి.

మోటారు సైకిళ్ల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. అంటే హాలోజన్ బల్బు ఉన్న బండ్లలో బయట ఎండ వేడికి తోడు లోపలి బల్బు వేడి కూడా పగలంతా తగులుతుంది.

మసక అద్దంతో నష్టం ఎంత?

మసకబారిన అద్దం కాంతిని తగ్గించడమే కాదు, చెల్లాచెదురు చేస్తుంది. దారి మీద పడాల్సిన వెలుగు పక్కలకూ పైకీ పోతుంది. మీకు దూరం కనిపించదు. ఎదురు వచ్చేవారికి మాత్రం మీ లైటు పెద్ద తెల్లని ముద్దలా కళ్లలో కొడుతుంది. ఒకే లోపం వల్ల ఇద్దరికీ ప్రమాదమే.

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు సుమారు 11 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో ఉందని గమనించి బ్రేకు మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, అప్పటికే బండి 16, 17 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆ తర్వాత మంచి పొడి రోడ్డు మీద అయితే మరో 10 మీటర్లకు ఆగుతుంది. బరువు ఉన్నా, బురద ఉన్నా ఇంకా ఎక్కువ. మొత్తం మీద 27 మీటర్లకు తక్కువ కాదు. మీ లైటుకు 20 మీటర్ల వరకే దారి కనిపిస్తుంటే, కనిపించిన దానికి ముందే ఆగే అవకాశం మీకు లేనట్టే.

మన దారుల్లో ఆ 20 మీటర్ల అవతల ఏముంటుందో మీకు తెలుసు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం రాశి, దాని చుట్టూ పెట్టిన రాళ్లు, పడుకున్న గేదె, లైటు లేని సైకిల్, ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు, లాకుల దగ్గర మలుపు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మంచు పడితే ఈ దూరం ఇంకా తగ్గుతుంది.

ముందుగా పరీక్షించుకోండి

రుద్దడం మొదలుపెట్టే ముందు అసలు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. ఐదు నిమిషాల పని.

1. గాజా, ప్లాస్టికా చూడండి. గోటితో తడితే గాజు ఖంగుమంటుంది, ప్లాస్టిక్ మొద్దుగా మోగుతుంది. చాలా ప్లాస్టిక్ అద్దాల అంచున ‘పీసీ’ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. గాజు అద్దాన్ని ఎమెరీ పేపర్‌తో రుద్దకూడదు. అది మసకబారితే కడగాలి, గీతలు పడితే మార్చాలి.

2. నీళ్లు చల్లి చూడండి. అద్దం శుభ్రంగా కడిగి, తడిగా ఉన్నప్పుడే చూడండి. తడిసినప్పుడు అద్దం తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం పైపొరలో ఉన్నట్టు. రుద్దితే బాగుపడుతుంది. తడిసినా మసక అలాగే ఉంటే లోపం లోపలి వైపు ఉంది. పైన ఎంత రుద్దినా ఫలితం ఉండదు.

3. లోపలి రిఫ్లెక్టర్ చూడండి. అద్దంలా మెరవాల్సిన గిన్నె నల్లబడినా, పొక్కులు లేచినా అద్దం బాగుచేసి లాభం లేదు.

4. కరెంటు చూడండి. అద్దం తేటగానే ఉన్నా లైటు ఎర్రగా, నీరసంగా వెలుగుతుంటే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ తీగ, బల్బు హోల్డరు శుభ్రం చేయించండి. ఒక లైటు బాగా, ఇంకోటి నీరసంగా వెలిగితే తప్పు ఎక్కువగా తీగల్లోనే ఉంటుంది.

రుద్దడానికి కావలసినవి

వాటర్ ఎమెరీ పేపర్లు 800, 1000, 1500, 2000, 3000 నంబర్లలో ఒక్కొక్కటి, మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండ్, మెత్తని నూలు గుడ్డలు, బకెట్ నీళ్లు, కొంచెం షాంపూ, చివరగా వేయడానికి యూవీ రక్షణ ఉన్న క్లియర్ పూత. వీటిలో చాలావరకు బండ్లకు రంగులు వేసే సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. హెడ్‌లైట్ల కోసం అన్నీ కలిపి అమ్మే కిట్లు కూడా ఉన్నాయి. కొనేటప్పుడు అందులో యూవీ పూత ఉందో లేదో చూసి కొనండి. అది లేని కిట్ వల్ల మెరుపు వస్తుంది కానీ నిలవదు.

రుద్దే విధానం

వాన, మంచు లేని రోజు ఉదయం మొదలుపెట్టండి. నీడలో చేయండి. వేడెక్కిన అద్దంపై చేయకూడదు.

1. అద్దాన్ని షాంపూ నీళ్లతో కడిగి ఇసుక, దుమ్ము పూర్తిగా పోగొట్టాలి. చుట్టూ ఉన్న రంగు మీద రెండు వరుసలు మాస్కింగ్ టేపు అంటించాలి. మోటారు సైకిల్ అయితే ముందు భాగం విప్పి చేసుకుంటే సులువు.

2. ఎమెరీ పేపర్‌ను పది నిమిషాలు నీళ్లలో నాననివ్వాలి. పూత పొరలుగా లేచి ఉంటే 800తో, మామూలు మసక అయితే 1000తో మొదలుపెట్టాలి. కొద్దిపాటి మసక అయితే 1500 చాలు.

3. నీళ్లు పోస్తూ, మెత్తగా నొక్కుతూ అడ్డంగా ఒకే దిశలో రుద్దాలి. మొదట పచ్చని నీరు దిగుతుంది. అది తెల్లగా మారి, అద్దమంతా ఒకే తీరున మసకగా కనిపించేవరకు ఆపకూడదు. ఈ దశలో అద్దం ముందుకంటే అధ్వానంగా కనిపిస్తుంది. కంగారు పడనవసరం లేదు. పాత పూత మచ్చలు మచ్చలుగా మిగిలిపోతేనే పని చెడుతుంది.

4. కడిగి, తర్వాతి నంబరు పేపర్‌తో నిలువుగా రుద్దాలి. అడ్డం గీతలన్నీ పోయి నిలువు గీతలే మిగిలినప్పుడు ఆ నంబరు పని అయినట్టు. ఇలా ప్రతి నంబరుకూ దిశ మారుస్తూ వెళ్లాలి. ఒక నంబరు వదిలేసి ముందుకు వెళితే ఆ గీతలు చివరిదాకా కనిపిస్తాయి.

5. స్ప్రే క్లియర్ పూత వేయదలిస్తే 1500 దగ్గర ఆపవచ్చు. పూత ఆ సన్నని గీతలను నింపి తేటగా చేస్తుంది. అతి నున్నగా ఉంటే పూత పట్టదు. డబ్బా మీద వేరే నంబరు రాసి ఉంటే దాన్నే పాటించండి. పూత కాకుండా వాక్స్ మాత్రమే రాసేవారు 3000 వరకు వెళ్లి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి.

అసలు రక్షణ పూతలోనే ఉంది

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అద్దం మెరిసింది కదా అని వదిలేస్తారు. కానీ రుద్దడంతో మిగిలిన పాత రక్షణ పూత కూడా పోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ ఎండకు నేరుగా తగులుతుంది. పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే ముందుకంటే ఎక్కువగా పచ్చబడుతుంది.

పూత వేసే ముందు అద్దం పూర్తిగా ఆరాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి జిడ్డు తీయాలి. థిన్నర్ వాడకూడదు. యూవీ రక్షణ ఉన్న స్ప్రేను పలచగా రెండు మూడు సార్లు, మధ్యలో డబ్బా మీద రాసినంత విరామం ఇచ్చి కొట్టాలి. ఒకేసారి మందంగా కొడితే జారి చారలు పడుతుంది. ఆ రాత్రి మంచు తగలకుండా బండిని లోపల పెట్టాలి. ఒక రోజు వరకు నీళ్లు తగలనివ్వకూడదు.

హార్డెనర్ కలిపి వేసే రెండు భాగాల క్లియర్ పూత ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. సరైన మాస్కు ఉన్న పెయింటరు చేతనే వేయించండి. రుద్దే పని మీరు చేసుకుని, పూత మాత్రం అతనితో వేయిస్తే ఖర్చు తగ్గుతుంది.

వాక్స్ మాత్రమే రాసేవారు రెండు మూడు వారాలకు ఒకసారి మళ్లీ రాస్తూ ఉండాలి.

ఇవి చేయకండి

- పెట్రోలు, కిరోసిన్, డీజిల్, థిన్నర్‌తో తుడవకండి. తుడిచిన వెంటనే తేటగా కనిపిస్తుంది. కానీ పెట్రోలు, థిన్నర్ పాలీకార్బొనేట్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్లు తెస్తాయి. అవి ఏం చేసినా పోవు.
- దోమల మందు, దోమల క్రీము రాయకండి. ఇవి పైపొరను కరిగిస్తాయి కాబట్టి కొద్దిసేపు మెరుస్తుంది. ఆ తర్వాత జిగటై చెడిపోతుంది.
- కొబ్బరి నూనె రాయకండి. గీతలను ఒక పూట దాచిపెడుతుంది, దుమ్మును మాత్రం రోజంతా పట్టుకుంటుంది.
- అంట్లు తోమే పీచు, బూడిద, ఇటుక పొడి వాడకండి.
- లోపలి రిఫ్లెక్టర్‌ను గుడ్డతో తుడవకండి. దాని మెరుపు పలుచని అల్యూమినియం పొర. రుద్దితే ఊడిపోతుంది.

ఎప్పుడు మార్చాలి?

కింది సందర్భాల్లో రుద్దడం మానేసి మార్చడమే మంచిది.

- అద్దం పగిలినా, లోతైన పగుళ్లు ఉన్నా
- మసక లోపలి వైపు ఉన్నా
- రిఫ్లెక్టర్ పాడైనా
- లోపల నీరు నిలుస్తున్నా, లేదా వరదలో హెడ్‌లైట్ మునిగి లోపలికి బురద చేరినా. జులై, ఆగస్టు నెలల్లో లంక గ్రామాల బండ్లకు ఇది తరచుగా జరిగేదే
- బిగించే చెవులు విరిగి లైటు ఊగుతున్నా

వాన తర్వాత లోపల కొద్దిగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే అది లోపం కాదు. నీటి చుక్కలు కిందికి జారి నిలిస్తే వెనుక రబ్బరు మూత, గాలి గొట్టం చూపించాలి.

చాలా కార్లు, ట్రాలీ బండ్లలో అద్దం, వెనుక డబ్బా కలిపి అతికించి ఉంటాయి కాబట్టి మొత్తం యూనిట్ మార్చాల్సి వస్తుంది. కొన్ని మోటారు సైకిళ్లలో, ట్రాక్టర్లలో అద్దం, రిఫ్లెక్టర్ వరకు మార్చుకోవచ్చు. ఈ విషయం ముందే అడగండి. కొత్తది కొనేటప్పుడు తయారీదారు పేరు, పార్ట్ నంబరు ఉన్నదే తీసుకుని బిల్లు అడగండి. బాగా తక్కువ ధర నకలు యూనిట్లలో పూత పలచగా ఉండి త్వరగా పచ్చబడతాయి. వాటి రిఫ్లెక్టర్ కూడా వెలుగును సరిగా మలచలేదు.

ఎక్కువ వాట్ల బల్బు పరిష్కారం కాదు

అద్దం మసకబారితే బల్బు పెద్దది వేద్దామనుకోవడం సాధారణం. కార్లు, ట్రాలీ బండ్లలో ఎక్కువగా వాడే హెచ్4 బల్బు 60/55 వాట్లది. దాని స్థానంలో 100/90 వాట్లది వేస్తే వేడికి హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది, తీగలు వేడెక్కుతాయి. మసక అద్దం ఆ ఎక్కువ వెలుగును కూడా చెదరగొట్టి ఎదుటివారి కళ్లలోకే పంపుతుంది. హాలోజన్ బల్బు కోసం చేసిన యూనిట్‌లో తెల్లని ఎల్‌ఈడీ బల్బు పెట్టినా ఇదే ఇబ్బంది. కొత్త హాలోజన్ బల్బు బిగించేటప్పుడు దాని గాజును చేత్తో ముట్టకూడదు. చేతి జిడ్డుకు అది త్వరగా పోతుంది.

చివరగా లైటు ఎత్తు సరిచూసుకోండి

1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందు లైటు కాంతి ఎదుటివారి కళ్లు చెదరకుండా కిందికి వంగి ఉండాలి. యూనిట్ విప్పి బిగించిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి. కార్లు, ట్రాలీ బండ్లకు సులువైన పద్ధతి ఇది. చదును నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయండి. లో బీమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకు 5 నుంచి 7 సెంటీమీటర్లు కింద పడాలి. వెనుక బరువు వేస్తే బండి ముందు భాగం లేచి లైటు పైకి వెళుతుంది. కాబట్టి ట్రాలీ బండ్లకు మామూలుగా వేసే బరువుతోనే ఈ పరీక్ష చేయండి. మీ బండిలో లైటు ఎత్తు మార్చే మీట ఉంటే బరువు వేసినప్పుడు దించుకోండి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

*టూత్‌పేస్టుతో తోమితే పోతుందా?*
కొద్దిపాటి మసక తగ్గుతుంది. టూత్‌పేస్టులో సన్నని గరుకు పొడి ఉంటుంది. కానీ రక్షణ ఏమీ ఇవ్వదు. ఆ రాత్రి ప్రయాణానికి పనికొస్తుంది, ఆ తర్వాత పూర్తి పని చేసుకోవాలి.

*ఒకసారి బాగుచేస్తే ఎంతకాలం ఉంటుంది?*
మంచి యూవీ పూత వేసి, బండిని నీడలో ఉంచితే ఒకటి రెండేళ్లు తేటగా ఉంటుంది. వాక్స్ ఒక్కటే అయితే వారాల లెక్కే.

*నీడ కోసం కొబ్బరి చెట్టు కింద పెట్టవచ్చా?*
వద్దు. కాయ పడితే అద్దంతో పోదు. పాక కింద పెట్టండి. పాక లేకపోతే ముందు భాగం పడమటి ఎండకు ఎదురుగా లేకుండా నిలిపి, లైటు మీద నూలు గుడ్డ కప్పండి. గోనె సంచి గీతలు పెడుతుంది.

*మంచులో హై బీమ్ వేస్తే బాగా కనిపిస్తుందా?*
కనిపించదు. వెలుగు మంచుకు తగిలి మీ కళ్లలోకే తిరిగి వస్తుంది. లో బీమ్ వేసి వేగం తగ్గించండి.

ఏడాదిలో ఎప్పుడు ఏం చేయాలి?

- దాళ్వా మాసూళ్లు అయ్యాక, వేసవిలో: రుద్దడం, పూత వేయడం వంటి పెద్ద పనులకు ఇదే అనువైన సమయం. గాలిలో తేమ తక్కువగా ఉండే రోజు, ఎండ ముదరక ముందే చేయండి.
- వానాకాలంలో: లోపల నీరు చేరుతోందా, రబ్బరు మూతలు ఉన్నాయా చూడండి.
- దీపపు పురుగుల రోజుల్లో: అద్దం మీద తడి గుడ్డ కాసేపు వేసి, నానాక నీళ్లతో కడగండి. పొడిగా గీకకండి.
- సార్వా కోతల ముందు: నీళ్ల పరీక్ష, గోడ పరీక్ష రెండూ చేయండి. వెనుక లైట్లు కడగండి. ట్రక్కు వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకపోతే అంటించండి. ధాన్యం లోడుతో నెమ్మదిగా వెళ్లే ట్రక్కును వెనుక వచ్చేవాడు ముందే చూడగలగాలి.
- తీర గ్రామాల్లో, చెరువుల దగ్గర తిరిగే బండ్లకు: వారానికి ఒకసారి మంచినీళ్లతో అద్దం కడగండి. సున్నం, పురుగు మందు పడితే వెంటనే కడగండి.

బండి బయలుదేరే ముందు ఒక మగ్గు నీళ్లు, ఒక మెత్తని గుడ్డ లైటుకు కేటాయించండి. అర నిమిషం పని. ఈ సార్వాకు మొదటి లోడు ఎత్తక ముందే మీ ఇంట్లో ఉన్న ప్రతి బండికీ నీళ్ల పరీక్ష చేసి చూడండి.